ఆగే బండి

నాకు కోపం ఎక్కువని మా ఆఫీసులో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళింకా నాతో కలిసి రోడ్డు మీదికి రాలేదని అర్థం. ఇరవై రెండేళ్ళుగా రోడ్డు భద్రత తనిఖీ చేయడం నా ఉద్యోగం. రోడ్డు వేసినవాళ్ళు బ్రహ్మాండంగా వేశామంటారు. నేను వెళ్ళి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, ఇక్కడ మనుషులు పోతారు, ఇక్కడ పోరు అని రాసి, కింద ‘కె. ఎస్తేరు’ అని సంతకం పెడతాను. కార్లో కూర్చుని, ఏసీ వేసుకుని, అద్దంలోంచి చూసి సంతకం పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ చెప్పులు నా చెప్పుల కంటే ఎక్కువ కాలం మన్నుతాయి.

పోయినేడు ఒక కంపెనీ డ్రైవరు లేకుండా తిరిగే చిన్న బస్సులు మూడు తెచ్చింది. ఖాజాగూడ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఒక ఐటీ పార్కు గేటు దాకా నాలుగు కిలోమీటర్లు తిప్పుతామంది. ఆ రోడ్డు ఆ బస్సులకు పనికొస్తుందని, వాటివల్ల రోడ్డు మీద ఎవరికీ ముప్పు లేదని బయటివాళ్ళెవరైనా కాగితం రాసివ్వాలి. అది లేకపోతే అనుమతి రాదు. మా డైరెక్టరు క్రిస్టోఫర్ ఆ ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, “మీరు ఔనంటే ఇంకెవరూ కాదనరు మేడం” అన్నాడు. పొగిడాడో, బరువు నా నెత్తిన పెట్టాడో గానీ తీసుకున్నాను.

నిజం చెప్పాలి, నాకా పని నచ్చింది. ఆ బస్సు రోడ్డును నాలాగే చూస్తుంది. గీత ఉంటే ఉందంటుంది, చెరిగిపోతే లేదంటుంది, సర్దుకుపోదు. దానికోసం రెండు నెలలు ఆ నాలుగు కిలోమీటర్లనూ ఒళ్ళు తోమినట్టు తోమించాను. లేన్ల గీతలన్నీ మళ్ళీ వేయించాను. బోర్డులకు అడ్డొచ్చిన కొమ్మలు కొట్టించాను. ‘కిరాయికి రూములు’, ‘ఇంటి దగ్గరే ట్యూషన్లు’ అంటూ స్పీడు బోర్డుల మీద అంటించిన కాగితాలు గీకించాను. కిందికి దిగిపోయిన మ్యాన్‌హోల్ మూతలు రోడ్డుకు సమంగా లేపించాను. చివరికి కాంట్రాక్టరు నన్ను దూరం నుంచి చూసి దారి మార్చుకుని పోయేవాడు. పోతే పోయాడు, పనైతే అయింది.

కంపెనీ తరఫున ఇదంతా చూసేవాడు ఉదయ్ భాస్కర్. కాకినాడ కుర్రాడు. ముప్పై మూడేళ్ళుంటాయి, అండి అనకుండా మాట ముగించడు. మొదటి రోజు బస్సుకు పూజ చేశారు. వాళ్ళ ఆఫీసువాళ్ళు భక్తిగా దాని కెమెరాలన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టారు. ఇక నిమ్మకాయలు తొక్కించడానికి బస్సు కదిలితేగా! కళ్ళకు గంతలు కట్టినట్టయి అక్కడే నిలబడిపోయింది. నేను నవ్వలేదు. మా చర్చిలోనూ కొత్త బండికి ప్రార్థన చేసి నూనె రాసే అలవాటుంది. మా పాస్టరు గారి చేతికి దొరికినా దాని గతి అంతే. ఉదయ్ రుమాలు తీసి ఒక్కొక్క కెమెరా తుడుస్తూ, “మా అమ్మకి మాత్రం చెప్పకండి మేడం” అన్నాడు. ఆ రోజు నుంచి ఆ కుర్రాడంటే నాకు ఇష్టం.

పది రోజులు ఖాళీ బస్సులు తిప్పి చూశారు. ఏదైనా అయితే ఆపడానికని లోపల ఒక మనిషి కూర్చుంటాడు గానీ, ఆ పది రోజుల్లో అతనికి పనే పడలేదు. బుధవారం మధ్యాహ్నం ఉదయ్ రిపోర్టు తెచ్చాడు. దాంతోపాటు తాపేశ్వరం కాజాల డబ్బా కూడా తెచ్చాడు.

“నాలుగు వందల పన్నెండు సార్లు మనుషులు అడ్డొచ్చారండి. అన్నిసార్లూ ఆగిందండి. ఒక్కరినీ తాకలేదు. సోమవారం ప్రారంభం. మీ సంతకం ఒక్కటే మిగిలింది.”

కాజా తింటూ రిపోర్టు తిరగేశాను. బస్సు ఎక్కడెక్కడ ఆగిందో మ్యాపు మీద చుక్కలు పెట్టారు. దారంతా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం చీమలు పట్టినట్టు ఎనభై ఆరు చుక్కలు. అన్నీ పొద్దున ఆరున్నరకూ ఏడున్నరకూ మధ్యే.

“ఇక్కడేముంది ఉదయ్?”

“ఏమీ లేదండి. జీబ్రా క్రాసింగ్ కూడా లేదు.”

“ఏమీ లేనిచోట ఎనభై ఆరుసార్లు ఎందుకాగింది?”

“మనుషులొచ్చారు కదండీ, ఆగింది” అన్నాడు అమాయకంగా. సంతకం సంగతి తర్వాత చూద్దామన్నాను. కాజాల డబ్బా మాత్రం ఉంచుకున్నాను.

గురువారం మదీనాగూడలో మా ఇంటి నుంచి ఐదున్నరకే బయల్దేరి ఆరున్నర లోపే ఆ చోటుకు చేరాను. రోడ్డుకు ఇటు ఖాజాగూడ పాత ఇళ్ళు, అటు అద్దాల టవర్లు. ఇటువైపు అంచున పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నీలం రంగు యూనిఫాం కోట్లు, చేతుల్లో టిఫిన్ సంచులు. టవర్లలో ఊడ్చి తుడిచే హౌస్‌కీపింగ్ వాళ్ళు. రోడ్డు మీద బండ్లు మధ్యమధ్యలో తెరిపి ఇస్తూనే ఉన్నాయి. అయినా ఒక్కరూ దిగడం లేదు.

అందరికంటే ముందు నిలబడ్డామెను అడిగాను. “ఎందుకమ్మా ఆగారు? రోడ్డు ఖాళీగానే ఉందిగా?”

“ఆగే బండి రావాలె మేడం.”

“ఏ బండి?”

“గదే, డ్రైవర్ లేని బండి. మనిషిని జూస్తే ఆగుతది. కార్లోల్లు ఆగరు. బైకులోల్లు అసలే ఆగరు. గిది మాత్రం దేవుని లెక్క ఆగుతది. అది ఆగినంక దాని ముంగటికెల్లి పోతం.” ఆమె మొహంలో గర్వం కనిపించింది, బండి తనదే అయినట్టు. “పన్నెండేండ్ల సంది ఈ రోడ్డు దాటుతున్న. మాకోసం ఆగిన బండి గిదొక్కటే.”

ఆమె పేరు రుక్కమ్మ. పాలమూరు నుంచి వచ్చి ఖాజాగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. నలభై అయిదేళ్ళుంటాయి. మిగతావాళ్ళందరూ ఆమె ఎప్పుడు అడుగేస్తే అప్పుడు వేయడానికి సిద్ధంగా ఉన్నారు.

బస్సు వచ్చింది. రుక్కమ్మ అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి దిగింది. బస్సు పది అడుగుల దూరంలో మర్యాదగా ఆగింది. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు, మాట్లాడుకుంటూ, దాని ముందు నుంచి నడిచారు. నేను బస్సు వెనక్కి చూశాను. ఆ రోడ్డుకు ఒక్కోవైపు రెండు లేన్లు. బస్సు ఆగింది ఎడమ లేన్లో. కుడి లేను ఖాళీగా ఉంది. బస్సు ఎందుకాగిందో వెనక వచ్చేవాళ్ళకు తెలియదు. దాని చాటున నడిచే ఆడవాళ్ళు వాళ్ళకు కనపడరు. బండి చెడిపోయిందనుకుని కుడి పక్క నుంచి దూసుకొస్తారు. అనుకుంటూ ఉండగానే ఒక బైకు రానే వచ్చింది. నాలుగో ఆమెకూ ఐదో ఆమెకూ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఐదో ఆమె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మాటల్లో పడి నడిచింది.

నేను పెట్టిన కేకకు బస్సులో కూర్చున్న మనిషి కూడా తల బయటపెట్టాడు. రుక్కమ్మ డివైడర్ మీది నుంచి వెనక్కి చూసి, “ఫికర్ జెయ్యకు మేడం, ఎవరికేం కాలే ఇంతవరకు!” అని చెయ్యి ఊపింది. అవతలి సగానికి సిగ్నలు దగ్గర కాబట్టి బండ్లు మెల్లగానే వస్తాయి. అది దాటి టవర్ గేట్లోకి వెళ్ళిపోయారు.

ఆఫీసుకెళ్ళగానే ఉదయ్‌కి ఫోన్ చేసి బస్సుల కుడి పక్క కెమెరాల రికార్డింగు అడిగాను.

“అది ఎవరూ చూడరండి. మనిషి ముందు కెమెరాలో కనపడి, బస్సు ఆగి, తాకకపోతే పాసండి.”

“నేను చూస్తాను. పంపించు.”

ఎనభై ఆరు ముక్కలూ సాయంత్రం దాకా కూర్చుని చూశాను. భోజనం చేయలేదు, చేయబుద్ధి కాలేదు. ముప్పై ఒక్కసార్లు, ఆడవాళ్ళు ఇంకా బస్సు ముందు నడుస్తుండగానే, పక్క నుంచి బండ్లు దూసుకుపోయాయి. ఎనిమిదో రోజు ఆరు నలభైకి ఒక బైకు హ్యాండిల్ ఒకామె కుడి చేతికి తగిలింది. టిఫిన్ సంచి ఎగిరిపడింది. ఆమె చెయ్యి పట్టుకుని డివైడర్ మీద కూలబడింది. బైకువాడు వెనక్కి కూడా చూడలేదు. బస్సు మాత్రం రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, తర్వాత వెళ్ళింది. రిపోర్టులో ఆ వరుసకు ఎదురుగా ‘పాస్’ అని ఉంది. బొమ్మ ఆపి ఆ మనిషి మొహం పెద్దది చేసి చూశాను. రుక్కమ్మ.

శుక్రవారం పొద్దున మళ్ళీ వెళ్ళాను. “కుడి చెయ్యి చూపించు” అన్నాను. ఆమె కోటు చెయ్యి కిందికి లాక్కుంది. నేను వదల్లేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా కమిలి, వాచి ఉంది.

“ఆస్పత్రికి వెళ్ళావా?”

“దవాఖానకు పోతే ఎట్లైంది అంటరు. మా సూపర్‌వైజర్‌కు ఎర్కైతది. గప్పుడు అందర్నీ పైవంతెన ఎక్కి రమ్మంటడు. అదెక్కడుంది? కిలోమీటర్ దూరం. ఏడున్నర దాటితే వేలిముద్ర మిషన్ తీస్కోదు, ఆ పూట గైర్‌హాజరే. జర నువ్వు గూడ చెప్పకు మేడం. బండిది తప్పేం లేదు. గా బైకోనిది.”

“తెలుసు. అయినా బండిని ఆపిస్తున్నాను. ఇక్కడ పని అయ్యేదాకా పొద్దున పూట అది ఈ రోడ్డు మీద తిరగదు.”

రుక్కమ్మ మొహం మారిపోయింది. “ఏంది మేడం! మాకోసం ఆగేదే గదొక్కటి. దాన్ని గూడ ఆపుతవా? నీదేం పోయింది, కార్ల వస్తవ్, కార్ల పోతవ్!”

ఆ మాట గుచ్చుకుంది. నేను వచ్చింది కార్లోనే మరి.

మధ్యాహ్నం ఉదయ్‌ని పిలిచి ఆ రికార్డింగు చూపించాను. రెండుసార్లు చూశాడు. మొహంలో రంగు పోయింది. అయినా మెల్లగా, “మన బండి తప్పు చెయ్యలేదు కదండీ” అన్నాడు.

“చెయ్యలేదు. ఇన్నాళ్ళూ వాళ్ళు భయపడి, నాలుగు వైపులా చూసుకుని, పరుగెత్తి దాటారు. నీ బండి వచ్చి వాళ్ళ భయం తీసేసింది. పక్క లేనువాడికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక్క బండి ఆగితే చాలదు ఉదయ్. రోడ్డు మొత్తం ఆగాలి.”

క్రిస్టోఫర్ ఫోన్ చేశాడు. “షరతులతో ఆమోదం అని రాసెయ్యండి మేడం. అందరూ చేసేదే కదా. సోమవారం కార్యక్రమం కానివ్వండి, ఆ షరతులేవో తర్వాత చూసుకుంటారు.”

ఆ ‘షరతులతో’ అన్న మాట నేనూ నా చేత్తో చాలాసార్లు రాశాను. ఏ ఒక్క షరతైనా తీరిందని ఎవరూ నాకు కబురు పెట్టలేదు. అదే చెప్పాను.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని ఊరికే అంటారా మిమ్మల్ని!” అన్నాడు విసుగ్గా.

“అననివ్వండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే సంతకం నేను పెట్టను. కావాలంటే ఇంకొకరితో పెట్టించుకోండి. కానీ ఈ రికార్డింగు ఫైల్లోనే ఉంటుంది. పెట్టేవాళ్ళు చూసి పెట్టాలి.”

 “ఏం కావాలో రాసివ్వండి” అన్నాడు.

నాకేం కావాలో నాకు బాగా తెలుసు. జీబ్రా క్రాసింగ్‌ని బెత్తెడు ఎత్తున, రెండు లేన్ల మీదుగా అరుగులా కట్టాలి. ఎంతటి వీరుడైనా దాని ముందు బ్రేకు వేయక తప్పదు. బండ్లు ఆగే గీత దానికి బాగా వెనక్కి ఉండాలి, పక్క లేనువాడికి కూడా నడిచేవాళ్ళు కనపడేలా. డివైడర్ మధ్యలో నిలబడటానికి చోటు, దానికి రెయిలింగు. బటన్ నొక్కితే ఎర్ర లైటు పడే సిగ్నలు. మూడు వారాల పని. ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

ఉదయ్ ఆ కాగితం పట్టుకుని బయటికెళ్ళి అరగంట ఫోన్లో మాట్లాడాడు. అద్దం తలుపులోంచి చూస్తే చెమట తుడుచుకుంటున్నాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు.

“మూడు వారాలు వాయిదా అండి. కట్టించే ఖర్చు కూడా కంపెనీయే పెట్టుకుంటుందండి. నా ఉద్యోగం సంగతి మాత్రం తర్వాత చెబుతారట.” కాగితం మడుస్తూ, “మరి రేపు పొద్దున వాళ్ళెలా దాటుతారండి?” అన్నాడు.

ఆ ప్రశ్న నేను వేయలేదు, వాడే వేశాడు. అప్పుడే అనుకున్నాను, వీడి ఉద్యోగం ఎక్కడికీ పోదని.

ట్రాఫిక్ పోలీసులకు చెప్పి, రెండు ఎర్ర బోర్డులు తెచ్చుకుని, శనివారం నుంచి నేను ఎడమ లేన్లో, ఉదయ్ కుడి లేన్లో నిలబడ్డాం. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా, రోజూ. బైకులవాళ్ళు ఉదయ్‌ని తిట్టని తిట్టు లేదు. “ఏయ్ అంకుల్, జరుగు!” అని ఒకడు అరిస్తే, ముప్పై మూడేళ్ళకే అంకుల్‌నైపోయానండీ అని ఆ రోజంతా బాధపడ్డాడు. రెండో వారానికి నా కంటే గట్టిగా కేకలేయడం నేర్చుకున్నాడు. అండి లేకుండా కూడా మాట్లాడగలడని అప్పుడే తెలిసింది.

రుక్కమ్మ మొదటి వారం నా మొహం చూడలేదు. నా బోర్డు ముందు నుంచే దాటేది, తల మాత్రం అటు తిప్పుకునేది. రెండో వారం ఒక రోజు దాటుతూ దాటుతూ నా చేతిలో ఒక పొట్లం పెట్టి వెళ్ళింది. విప్పితే రెండు జొన్న రొట్టెలు, పుంటికూర పచ్చడి. నేనూ ఉదయ్ ఫుట్‌పాత్ మీద కూర్చుని తిన్నాం. ఆమె చేతి వాపు తగ్గింది. నేనే తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాను. సూపర్‌వైజర్‌కు చెప్పలేదు.

మూడు వారాలకు ఒక రోజు ముందే పని అయిపోయింది. కాంట్రాక్టరు పాతవాడే. ఈసారి నన్ను చూసి దారి మార్చుకోలేదు, ఎదురొచ్చి కొలతలు తానే చూపించాడు. ఆ మర్నాడు శనివారం. సంచిలో నా కాగితం, కలం పెట్టుకుని ఆరున్నరకు వెళ్ళాను. బోర్డు తీసుకెళ్ళలేదు. ఉదయ్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆ పొద్దున నుంచి బస్సులు మళ్ళీ తిరుగుతాయి, మొదటిది ఏడింటికి.

ఆడవాళ్ళు వచ్చారు. అంచున నిలబడ్డారు. ఎదురుగా కొత్త అరుగు, దాని మీద తెల్ల గీతలు, పక్కన సిగ్నలు స్తంభం. ఒక్కరూ కదల్లేదు.

“ఏంటి రుక్కమ్మా, వెళ్ళవేం?”

“బండి రాలే గద మేడం ఇంకా.”

నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. ఇంత చేసినా వీళ్ళు ఆ బండి కోసమే నిలబడితే నేను కట్టించిందంతా దండగ. “బటన్ నొక్కు” అన్నాను.

నొక్కింది. లైటు ఎర్రబడింది. ఎడమ లేన్లో ఒక కారు నెమ్మదించి గీత దగ్గర ఆగింది. కుడి లేన్లో నీళ్ళ ట్యాంకరు వస్తోంది. అరుగు చూసి అది కూడా బ్రేకు వేసింది, బుస్సుమంటూ ఆగింది. రెండింటి మధ్య సందులోంచి ఒక బైకువాడు ముందుకు జొరబడి, గీత దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడ్డ పన్నెండు మందిని చూసి కాలు కింద పెట్టాడు.

రుక్కమ్మ ఒక అడుగు వేసింది. ఆగింది. అరుగు మధ్యకు వచ్చి ట్యాంకరు డ్రైవరు మొహంలోకి చూసింది. ఆయన పోపొమ్మన్నట్టు తల ఊపాడు. అప్పుడు వెనక్కి తిరిగి మిగతావాళ్ళను పిలిచింది. అందరూ నడిచారు. పరుగెత్తలేదు. పన్నెండో ఆమె డివైడర్ దగ్గరికి చేరేదాకా ఎవరూ హారన్ కొట్టలేదు. నాకు కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు. ఉదయ్ చూశాడు, చూడనీ అనుకున్నాను.

డివైడర్ మీది నుంచి రుక్కమ్మ అరిచింది. “మేడం! ఆగే బండి లేకున్నా అందరు ఆగిన్రు!”

“చూశాను!”

వెళ్ళబోయిందల్లా మళ్ళీ ఇటు తిరిగింది. ఈసారి ఆమె గొంతులో సంతోషం లేదు. “గింత పనికి గా బండి వచ్చేదాక ఎందుకు ఆగిన్రు మేడం? అంతకుముందు మేము కనవడలేదా?”

కోపం రాలేదు. రావడానికి నాకు హక్కు లేదు. ఏడేళ్ళ కింద ఈ రోడ్డు వెడల్పు చేసినప్పుడు తనిఖీ చేసింది నేనే. ఇదే చోట నిలబడి, ఇక్కడ క్రాసింగ్ అవసరం అని రాసి, ‘షరతులతో’ సంతకం పెట్టాను. తర్వాత వెనక్కి తిరిగి చూడలేదు.

“కనపడ్డారు రుక్కమ్మా!” అన్నాను, రోడ్డు అవతలికి వినపడేలా. “తప్పు నాది!”

ఆమె టిఫిన్ సంచి భుజానికి తగిలించుకుంది. “సరే తియ్, టైమైతుంది” అని మిగతావాళ్ళను తోలుకుని గేట్లోకి వెళ్ళిపోయింది.

నేను ఫుట్‌పాత్ మీద కూర్చుని కాగితం తీసి సంతకం పెట్టాను. ఉదయ్ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. లేస్తాననుకుని చెయ్యి ఇవ్వబోయాడు. ఉండమన్నాను. ఇంకో తెల్ల కాగితం తీసి, మా మదీనాగూడలో పొద్దున్నే నర్సులూ స్కూలు పిల్లలూ హైవేకి అడ్డంగా పరుగెత్తే చోటు గురించి రాయడం మొదలుపెట్టాను. అక్కడికి డ్రైవరు లేని బస్సు ఏదీ రావడం లేదు.